మిషను నడిచాకే వస్తా

జనవరి 9, మంగళవారం

దారి మీద మంచు తోసే మిషను స్టార్ట్ కాలేదు. తాడు లాగీ లాగీ చంక ఊడొచ్చింది. మా ఆయన సూలో కిటికీ అవతల నిలబడి అద్దం మీద కొడుతున్నాడు, చోక్ వెయ్యమని ఒకసారి, చోక్ తియ్యమని ఒకసారి. మాట వినపడదు, నోరు మాత్రం చేపలాగా ఆడుతోంది. నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం నవ్వలేదు.

కొన్న దగ్గర్నుంచి ఆ మిషను హ్యాండిల్ మీద నన్ను చెయ్యి వెయ్యనిచ్చిన మనిషి కాదు. ఈ నవంబర్లో తనే పిలిచి "నీకూ రావాలి కదే, ఎన్నాళ్ళని నేనే తోస్తాను" అన్నాడు. భుజం నొప్పి కదా, అందుకు. నాకైతే గర్వంగానే ఉంది, పెత్తనం చేతికొచ్చినట్టు.

షాపులో కూర్చుని కొడుతున్నా ఇది. బేరాల్లేవు. సరస్సు మీద గాలి ఎక్కువని చేపల ఎర కొనేవాళ్ళు కూడా రాలేదు. మేకులూ బోల్టులూ ఉన్ని చేతి తొడుగులూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకుంటున్నాం. సూలో కంప్యూటర్ జోలికి రాడు కాబట్టి ఏం రాసుకున్నా భయం లేదు.

జనవరి 11, గురువారం

కార్బొరేటరే. నిరుటి పెట్రోలు అందులోనే ఉండిపోయి బెల్లం పాకంలాగా తయారైంది. ఏటా ఏప్రిల్లో తనే పెట్రోలు దించి, కడిగి, గుడ్డ కప్పి మరీ దాచేవాడు. నిరుడు మర్చిపోయాడట. మర్చిపోతాం కదా ఎవరమైనా.

ఆయన బకెట్ బోర్లించుకుని కూర్చున్నాడు, నేను విప్పాను. ఇది విప్పు, అది ఊదు, సన్న తీగ పెట్టి ఆ కన్నం పొడువు. చిన్న స్క్రూ దగ్గరకొచ్చేసరికి నేను పెడతా అన్నాడు. మళ్ళీ నువ్వే పెట్టు, నా కళ్ళద్దాలు లోపలున్నాయి అన్నాడు. కళ్ళద్దాలు నెత్తి మీదే ఉన్నాయి. నేనే పెట్టేశా.

కొత్త ప్లగ్గు వేశా, మూడో లాగుకి అందుకుంది. సూలో దాని మూతని ఆవు వీపు చరిచినట్టు చరిచాడు. ఎడం చేత్తో.

జనవరి 12, శుక్రవారం

డులూత్ పెద్దాసుపత్రి నుంచి ఫోను. ఫిబ్రవరి 6, పదకొండింటికి. ఈయనకింకా చెప్పలేదు.

జనవరి 14, ఆదివారం

చెప్పా.

ముందు రొట్టె నమిలాడు. యాలకుల రొట్టె, వేడిగా, వెన్న రాసి మరీ పెట్టా, మంచి మూడ్‌లో ఉంటాడని. నమిలి నమిలి, భుజం నొప్పికి నరాల డాక్టర్ ఎందుకే అన్నాడు. నిజమే, నేనూ అదే అనుకున్నా. కానీ సెప్టెంబర్లో జ్వరం టీకా వేసిన నర్సు ఈయన కుడి చెయ్యి పట్టుకుని అలాగే కాసేపు చూసింది. ఈ వణుకు పెద్ద డాక్టర్ చూడాలమ్మా అని నాతో అంది, ఆయనతో కాదు. ఆ రోజు పేరు రాయిస్తే ఇప్పటికి వంతొచ్చింది. ఇది తప్పితే మళ్ళీ ఆగస్టేనట.

ఆగస్టయితే మరీ మంచిది, మంచుండదు అన్నాడు, ఏదో గెలిచినట్టు మొహం పెట్టి. ఫిబ్రవరిలో ఇల్లు వదిలి ఎవడు పోతాడు అని కూడా అన్నాడు.

నాకు తెలిసి భుజమే. రాత్రి భుజం కింద దిండు పెట్టుకుంటున్నాడు.

జనవరి 17, బుధవారం

విరగ్గొట్టా. నేనే, నా చేతుల్తోనే.

ఊరి రోడ్ల మీద మంచు తోసే క్లైడ్ పెద్ద బండితో తోసుకుపోయి, మా దారి మూతికి అడ్డంగా నడుమెత్తు మంచు గోడ వదిలాడు. వాడి తప్పేం లేదు, రోడ్డంతా తోసింది ఎటో ఒకటే పోవాలి కదా. ఆ గోడలోకి మిషను పెట్టా. లోపల ఎవరి ట్రక్కులోంచి పడిందో పొయ్యి కట్టె, మంచులో గడ్డకట్టి ఉంది. ఖణేల్ మని ఒక చప్పుడు. ఇంజను ఆడుతూనే ఉంది, ముందు రెక్కలు ఆగిపోయాయి.

మొదట భయపడలేదు. అలాంటప్పుడు సీల విరుగుతుంది, అందుకే కదా అక్కడ మెత్తటి సీల పెట్టేది. అది తెగితే లోపల గేరు బతుకుతుంది. విరిగింది తీసి కొత్తది దూర్చి, దానికి వెంట్రుకంత క్లిప్పు పెడితే అయిపోయె. షాపులో డబ్బాల కొద్దీ అమ్ముతా అవి. వంగి చూశా. రెండు పక్కలా సీలలు నిక్షేపంలా ఉన్నాయి. రెక్కలు మాత్రం చచ్చిన చేప మొప్పల్లాగా వదులుగా ఊగుతున్నాయి.

సూలో బూట్లు సరిగ్గా వేసుకోకుండానే వచ్చాడు. చూశాడు. మొహం పాలిపోయింది. నన్ను తిడతాడనుకున్నా, తిట్టలేదు.

"సీలల జోలికి పోకు. అది నేను చూసుకుంటా."

ఎప్పుడు చూస్తావు అంటే చలి తగ్గనీ అన్నాడు. ఇక్కడ చలి తగ్గేది మే నెలలో. మరి డులూత్ సంగతేంటని అడిగా, ఆ ఊపులోనే. 

"మిషను నడిచాకే వస్తా. అప్పటిదాకా ఆ ఊసెత్తకు."

అంటే నడిస్తే వస్తాడు. మాటంటే మాటే ఈ మనిషికి. లోపల పోయింది గేరు చక్రమే అయ్యుండాలి, అది భూమ్మీద ఎక్కడున్నా ఆరో తారీఖులోపు వెతికి తెస్తా.

జనవరి 18, గురువారం

పొద్దున లేచేసరికి మా దారి తుడిచిపెట్టినట్టుంది. క్లైడ్ పని. డ్యూటీ దిగాక సొంత బండి తెచ్చి తోసేశాడు. మంచి పనే, కానీ మా ఊళ్ళో ఒకరి దారి ఇంకొకరు తోశారంటే ఆ ఇంటి మగాడు పోయాడనో, ఆసుపత్రిలో మంచం పట్టాడనో అర్థం. అలాంటి ఇళ్ళ దారులు సూలో ఎన్ని తోసిపెట్టాడో.

కాఫీకి క్లైడ్ షాపుకి రాగానే సూలో పట్టుకున్నాడు.

"నా శవం లేచిందని ఎవడు చెప్పాడ్రా నీకు?"

"లేదు బావా. నా బ్లేడు సరిగ్గా దిగుతోందో లేదో చూసుకున్నా, అంతే."

"నీ ఇంటి ముందు చూసుకో."

క్లైడ్ కప్పు కడిగి బోర్లించి పోయాడు. ఎప్పుడూ కడగడు వాడు.

జనవరి 19, శుక్రవారం

శుక్రవారం పొద్దున ఈయన చర్చి హాల్లో మగాళ్ళ కాఫీకి పోతాడు, రెండు గంటలు రాడు. షాపుకి తాళం వేసి షెడ్డులోకి పోయా. ఆయనకి శ్రమ తగ్గిద్దామని, అంతే. సీలలు తీసి గేరు పెట్టె దించి ఉంచితే మిగతాది ఇద్దరం కలిసి చూసుకోవచ్చని.

క్లిప్పులు లేవు. క్లిప్పులుండాల్సిన చోట నట్లు బిగించి ఉన్నాయి. గుడ్డతో తుడిచి చూశా. తల మీద ఆరు గీతలు.

నాకు తెలియదా ఆరు గీతలంటే ఏంటో. నేను అమ్మేవే. ట్రాక్టర్లకి, లారీలకి వేసే గట్టి బోల్టులు, విరగమన్నా విరగవు. సీల ఉండాల్సిన చోట అవి పెడితే ఇంకేముంది, దెబ్బంతా లోపలికే. పెట్టె మూత తీశా. కంచు చక్రం పళ్ళు నూనెలో అటుకుల్లాగా తేలుతున్నాయి.

ఈ పని చేసింది ఎవరు? మా షాపులో బోల్టుల అరల పైన నమిలేసినట్టున్న చక్రం ఒకటి తీగకి వేలాడుతుంటుంది. కట్టింది సూలో. గట్టి బోల్టు అడిగినవాడినల్లా ఏ మిషనుకి అని నిలదీసి, మంచు మిషనుకి అంటే ఆ చక్రం చూపించి, అమ్మకుండా పంపేవాడు. బేరాలు పోతున్నాయని నేను మొత్తుకునేదాన్ని. ఆ చక్రం క్లైడ్ మిషనుదే. వాడు ఆ తప్పు చేసినందుకు ఒక చలికాలమంతా వాణ్ణి ఏడిపించాడు ఈయన.

ఆ మనిషి ఇలా చేశాడు.

ముందు నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక చెప్పి ఆడుకోవాలనుకున్నా. బోల్టులు ఏప్రన్ జేబులో వేసుకుని, కొత్త సీల ఒకటి అలవాటుకొద్దీ చేతిలోకి తీసుకున్నా. దాని క్లిప్పు పెట్టాలంటే చేతి తొడుగు తియ్యాలి. రెండు వేళ్ళతో పట్టి, కన్నం చూసి దూర్చాలి. నాకే చలికి రెండుసార్లు జారింది.

అప్పుడు నవ్వు పోయింది.

జనవరి 20, శనివారం

భుజం కాదు.

జనవరి 23, మంగళవారం

సీలలు నువ్వు తీశావా అని అడుగుతాడనుకున్నా. అడగలేదు. గేరు పెట్టె బల్ల మీద విప్పి ఉంది, చూశాడు. చక్రం పోయిందిగా అన్నాడు. పోయింది అన్నా. పాతబడింది కదే అన్నాడు. అవును, పాతబడింది అన్నా.

ఫోన్లు మొదలుపెట్టా. ఆ మిషను చేసిన కంపెనీ మూతబడి ఎన్నేళ్ళయిందో. నంబరు రేకు తుప్పుపట్టి సగమే కనిపిస్తోంది. ఒకాయన కొత్త మిషను కొనుక్కోండమ్మా అన్నాడు, చాలా మర్యాదగా. కొనలేక కాదు నాయనా. కొత్త మిషను బండి దిగిన రోజున మా ఆయన వచ్చి కుర్చీలో కూర్చుంటాడు, ఇక లేవడు. అది ఫోన్లో ఏం చెప్తాం. సరే చూస్తానండీ అని పెట్టేశా. విస్కాన్సిన్‌లో ఒకతని దగ్గర పాత చక్రం ఉందట, రేపటికల్లా చేరేలా పంపుతానన్నాడు.

క్లైడ్ వచ్చాడు.

"సీల విరక్కుండా చక్రం ఎలా పోయిందక్కా?"

పాతబడి అరిగిపోయింది అన్నా. వాడు తల ఎత్తి వేలాడే చక్రం వైపు చూశాడు, మళ్ళీ నా వైపు చూశాడు. తర్వాత కాఫీలో పంచదార కలుపుకుంటూ కూర్చున్నాడు. పంచదార వేసుకోలేదు అందులో. ఇన్నాళ్ళ పగ తీర్చుకునే అవకాశం అది, బంగారంలాంటిది. చేతులారా వదిలేసుకున్నాడు. వెళ్ళేటప్పుడు యాలకుల రొట్టె మొత్తం ఇచ్చి పంపా.

జనవరి 24, బుధవారం

విస్కాన్సిన్ చక్రం వచ్చింది. పళ్ళు సరిగ్గానే ఉన్నాయి, మధ్య కన్నం పెద్దది. ఇరుసు మీద గాజులాగా తిరుగుతోంది.

సరిపోలేదని చెప్తే సూలో మొహం తేటపడింది. "అయ్యో" అన్నాడు, కానీ మొహం తేటపడింది. రాత్రి భోజనం రెండుసార్లు పెట్టించుకున్నాడు.

కోపం రాకూడదు నాకు. వచ్చింది.

జనవరి 25, గురువారం

మర్టిలమ్మ దగ్గరికి పోయా. ముందే పోవాల్సింది, కానీ ధైర్యం చాలలేదు. వాళ్ళాయన ఎడ్, మా సూలో ఒకే రోజు ఒకే షాపులో ఒకే రకం మిషన్లు కొన్నారు. ఎడ్ పోయాక అది వాళ్ళ షెడ్డులో గోనె కప్పుకుని పడి ఉంది. ఆవిడ ఎడ్ టోపీ కూడా కొక్కెం మీంచి తియ్యనివ్వదు, మిషనులో గుండెకాయ పీకిస్తానంటే ఊరుకుంటుందా.

డొంకతిరుగుడుగా చెప్తూ పోతుంటే మధ్యలోనే ఆపేసింది. చక్రం కావాలా అంది. కావాలన్నా. డబ్బు మాటెత్తితే చీపురు తీసుకుంటానంది. ఆవిడ సౌనా గది పొయ్యి నిరుడే పగిలిపోయిందట. ఒళ్ళు కాగేలా ఆవిరి పట్టి ఏడాదైంది, కుళాయి కింద కప్పలాగా స్నానం చేస్తున్నానమ్మా, శనివారం మీ సౌనా కాచు, నీ చక్రం నువ్వు పట్టుకుపో అంది.

జనవరి 27, శనివారం

మధ్యాహ్నం నుంచే కాచా. సూలో కట్టెలు మోసి పెట్టాడు, ఒక్కొక్కటిగా, ఎడం చంకలో. ఆడవాళ్ళం ముందు దిగాం. మర్టిలమ్మ వేడి ఎక్కువుండే పై మెట్టెక్కి కూర్చుంది, ఈ వయసులో. పొయ్యి మీద కాగిన రాళ్ళ మీద నీళ్ళు పొయ్యమంటుంది, పోస్తే ఇంకా పొయ్యమంటుంది. నా చెవులు కాలిపోయాయి.

ఆవిరిలో మొహాలు కనపడవు కాబట్టేమో, నేను అడక్కుండానే ఎడ్ సంగతి చెప్పింది. దగ్గుకి గుడ్డ అడ్డం పెట్టుకుని, ఆ గుడ్డలు తనే ఉతుక్కునేవాడట. ఆవిడ తీగ మీద ఆరేసిన గుడ్డల మీద వదలని మరకలు చూసేదట.

"నేను అడగలేదు ఐలీ. అడిగితే చిన్నబుచ్చుకుంటాడని ఊరుకున్నా. చిన్నబుచ్చుకున్నా బతికుండేవాడేమో."

నేను రాళ్ళ మీద నీళ్ళు పోశా.

జనవరి 28, ఆదివారం

అడగాలి. ఇవాళ కాఫీ దగ్గర అడుగుదామనుకున్నా. ఆయన కప్పు సగమే పోశా, నిండా పోస్తే ఒలుకుతుంది. ఆయన ఆ సగం కప్పు వంక చూశాడు.

అడగలేదు.

జనవరి 31, బుధవారం

బిగించాం. మర్టిలమ్మ చక్రం తాళం చెవిలాగా కూర్చుంది, కన్నం, పళ్ళు, అన్నీ. కొత్త నూనె నింపా. సూలో బకెట్ మీద కూర్చుని చెప్తూనే ఉన్నాడు, అది తిరగేశావు, ఇంకొంచెం నూనె, ఆ రబ్బరు చుట్ట చిరుగుతుంది మెల్లిగా, వంట చేస్తున్నావా మిషను బిగిస్తున్నావా. నేనూ తిట్టా. చాలా హాయిగా గడిచింది పొద్దుటిపూట.

రెక్కలెక్కించాక కొత్త సీలలు తీసి బల్ల మీద పెట్టా. మెత్తటివి. ఆయన వాటి వంక చూశాడు. పాతవి ఏవని అడగలేదు. లేచొచ్చి, ఇవి నేను పెడతా అన్నాడు.

సీల దూరింది. క్లిప్పు దూరలేదు. కింద పడింది, వెతికి తీశాడు, మళ్ళీ పడింది. నాకు గుడ్డ కావాల్సొచ్చి షెడ్డు ఆ చివరికి పోయి వెతుకుతూ నిలబడ్డా. గుడ్డ నా భుజం మీదే ఉంది.

"ఐలీ, ఇది కొంచెం పెట్టు."

పెట్టా. రెండూ.

స్టార్ట్ చేస్తే రెక్కలు గిర్రున తిరిగాయి. సూలో దాని మూత చరవలేదు ఈసారి. చూస్తూ నిలబడ్డాడు, మాట ఇచ్చేసిన మనిషిలాగా.

ఫిబ్రవరి 5, సోమవారం

రేపే. రేడియోలో తుఫాను అంటున్నారు. బండిలో పార, దుప్పటి, మాంసం కూరిన పాస్టీలు రెండు, ఫ్లాస్కు పెట్టా. ఆయన దుప్పటి తీసేశాడు. మళ్ళీ పెట్టా.

తుఫానైతే ఎలాగే అని ఒకసారి అన్నాడు. నేను ఫ్లాస్కు మూత బిగించా. సరే మిషనుందిగా అన్నాడు తనే.

ఫిబ్రవరి 7, బుధవారం

నిన్న రాయడం కుదరలేదు. ఇప్పుడు షాపు తెరిచి, పొయ్యి అంటించి, కూర్చున్నా. అంతా రాస్తా.

పొద్దున తలుపు తీస్తే మోకాలి దాకా మంచు, దారి మూతికి క్లైడ్ గోడ. నేను తొడుగులు వేసుకునేలోపే సూలో మిషను బయటికి తెచ్చేశాడు. నేనే తోస్తా, వెళ్ళేది నేనైతే దారి నేనే తోస్తా అన్నాడు. పక్కకి జరిగా.

దానికి రెండు పిడులు, చేతికొకటి. ఎడమది నొక్కితే మిషను నడుస్తుంది, కుడిది నొక్కితే రెక్కలు తిరుగుతాయి. ఏది వదిలినా అది ఆగిపోతుంది. మా బండి ఆపి ఉన్న చోటి దాకా బాగానే పోయాడు. అక్కణ్ణుంచి కుడి చెయ్యి జారడం మొదలైంది. రెక్కలు ఆగుతాయి, మిషను మాత్రం ముందుకి పోయి మంచులో ముక్కు గుద్దుకుంటుంది. వెనక్కి లాగుతాడు, మళ్ళీ పట్టుకుంటాడు, మళ్ళీ జారుతుంది. నేను మెట్ల మీదే నిలబడ్డా. వెళ్ళకూడదని నిలబడ్డా. ఇంకోసారి జారాక వెళ్ళి, ఆయన కుడి పక్కన నిలబడి కుడి పిడి నేను పట్టుకున్నా. ఆయన చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు. ఎడమది ఆయన, కుడిది నేను. ఇద్దరం తుంటి తుంటి రాసుకుంటూ రోడ్డు దాకా నడిచాం. ఆయన అడుగు పొడుగు, నాది పొట్టి, మిషను తాగినవాడిలాగా వంకర్లు పోయింది.

రోడ్డు మీద క్లైడ్ పెద్ద బండి ఆపి, అద్దం దించాడు.

"అక్కా, పెళ్ళి ఊరేగింపా? బాజాలేవీ?"

"నీ వెనక బ్లేడు చప్పుడు చాల్లేరా, నడువు," అన్నాడు సూలో. క్లైడ్ హారన్ కొట్టుకుంటూ పోయాడు ఊరంతా వినపడేలాగా.

బండి సూలోనే నడిపాడు, ఎడం చేత్తో, కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. నేను రోడ్డు వంక చూస్తూ కూర్చున్నా. 

డాక్టర్ చిన్నపిల్ల, మంచిది. నడవమంది, తిరగమంది, వేళ్ళు ఆడించమంది, కాగితం మీద సున్నాలు చుట్టమంది. సున్నాలు పోనుపోను చిన్నవైపోయాయి. ఎప్పటి నుంచి అని అడిగింది. ఈ శరత్కాలం నుంచి అని చెప్పబోయా. నర్సు చూసింది అప్పుడే కదా.

"నిరుడు ఫిబ్రవరి నుంచి," అన్నాడు సూలో. "మిషనుకి సీల పెట్టలేకపోయా. క్లిప్పు వేళ్ళకి అందలేదు. గట్టి బోల్టు బిగించా."

డాక్టరుకి సీలేంటో బోల్టేంటో తెలియలేదు. నా వైపు చూసింది.

"మా ఆవిడకి తెలుసు," అన్నాడు. ఒళ్ళో ఉన్న తన టోపీ వంక చూస్తూ అన్నాడు.

తెలుసు అన్నా.

జబ్బుకి పేరు చెప్పింది. ఇవాళ ఆ పేరు ఇక్కడ కొట్టాలని లేదు. మందులున్నాయి, చెయ్యి కొన్నేళ్ళు మాట వింటుంది, తర్వాత సంగతి తర్వాత చూద్దామంది. ముందే వస్తే బాగుండేది అని మాత్రం అనలేదు, ఆ పిల్ల కడుపు చల్లగా ఉండ.

బయటికొచ్చేసరికి మళ్ళీ మంచు. సూలో బండి చుట్టూ తిరిగి, అద్దాలు తుడిచి, నేను కూర్చునే వైపు తలుపు తీసుకుని లోపల కూర్చున్నాడు. బెల్టు పెట్టుకున్నాడు. తాళాలు ముందు పలక మీద పెట్టాడు. నేను మంచులో నిలబడి ఉన్నా, ఇంకా తేరుకోలేదు. అద్దం మీద వేళ్ళతో కొట్టాడు, రావే అని.

దారిలో ఆష్లాండ్ ఊరు దాటేదాకా ఒకటే తిట్లు. బ్రేకు అంత గట్టిగా తొక్కకు, ఆ లారీ వెనక అంత దగ్గరగా పోకు, ఇది బండా కుట్టు మిషనా. నేనూ ఊరుకోలేదు. పాస్టీలు రెండూ ఆయనే తిన్నాడు.